ముందెవరు పలకరించాలి

తోడికోడళ్ళ మధ్య మాటలు ఆగిపోవడానికి లోకంలో ఎన్నో మర్యాదైన కారణాలున్నాయి. నగలున్నాయి, వంటగది ఉంది, పిల్లల మార్కులున్నాయి. ఈ ఇంట్లో కోడళ్ళిద్దరూ ప్రోగ్రామర్లు కావడంతో అలాంటి చవకబారు కారణాలతో సరిపెట్టుకోలేదు. అత్తగారి రక్తపరీక్షల ల్యాబ్‌కి అపాయింట్‌మెంట్లు చూసుకునే ప్రోగ్రాం ఒకటి చిన్నకోడలు తయారుచేసింది. ఆమె జలుబుతో పడుకున్న రోజున పెద్దకోడలు దాన్ని తెరిచి, వేరియబుళ్ళ పేర్లన్నీ మార్చి, పొడుగాటి ఫంక్షన్లను ముక్కలు చేసి, పైన ఒక కామెంట్ పెట్టింది: "శుభ్రం చేశాను."

శుభ్రం చేశానంటే అంతకుముందు మురికిగా ఉందనేగా! చిన్నకోడలికి జలుబు తగ్గింది గానీ ఆ మాట మాత్రం మింగుడు పడలేదు. ప్రోగ్రాం మునుపటికంటే బాగా నడుస్తోందని ఆమెకు తెలుసు. అందుకే ఇంకా మండింది. ఆ రోజు నుంచి తోడికోడలితో మాట మానేసింది. పెద్దకోడలు కొన్నాళ్ళు ఈ సంగతి గమనించనే లేదు, ఏదో పనిలో ఉందిలే అనుకుంది. గమనించాక, మేలు చేసినందుకు ఇదా నాకు బహుమానం అని తనూ మానేసింది. ఇక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదంటే, వచ్చిన చుట్టాలు కోడళ్ళ సఖ్యత చూసి అత్తగారిని మెచ్చుకుని వెళ్ళేవారు.

మాటల్లేకపోయినా ఇల్లు గడవాలి కదా. పెద్దకొడుకు తెలివైనవాడు, ఊళ్ళు తిరిగే ఉద్యోగం చూసుకున్నాడు. భారమంతా చిన్నకొడుకు మీద పడింది. అతను బడిలో డ్రాయింగ్ మాస్టారు, ఇంట్లో రాయబారి. ఆ పేరు తల్లే పెట్టింది.

"ఏమండీ, గీజర్ ఆపారేమో మీ వదినగారిని అడగండి," అనేది చిన్నకోడలు. ఆ వదినగారు ఎదుటి కుర్చీలోనే ఉండేది.

"ఎప్పుడో ఆపానని చెప్పవయ్యా," అనేది పెద్దకోడలు.

"ఎప్పుడో ఆపిందట," అనేవాడు రాయబారి, చేతిలో చెంచా కింద పెట్టకుండానే.

అత్తగారి ల్యాబ్ రెండు గదులు. లోపలి గదిలో రక్తం పరీక్షించే మిషన్, బయటి గదిలో రిపోర్టులు తీసే కంప్యూటర్, మధ్యలో గోడ. మిషన్ తేల్చిన అంకెలను అత్తగారు కాగితం మీద రాసుకుని, బయటి గదికి వచ్చి రిపోర్టులో ఎక్కించేది. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. చూపు మసకబారడం మొదలయ్యాక ఒకసారి అత్తగారు, పరీక్షకొచ్చిన ఒకావిడ హిమోగ్లోబిన్ అంకెలో దశాంశ చుక్కను ఒక అంకె ఇవతలకు జరిపేసింది. ఆ లెక్కన ఆవిడ బతికుండటానికి వీల్లేదు. ఆవిడేమో రిపోర్టు చేత్తో పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళింది. డాక్టరు ఫోన్ చేసి నవ్వాడు, మళ్ళీ పరీక్ష చేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత చాలాకాలం ప్రతి రిపోర్టునూ రెండుసార్లు సరిచూసుకుంటే గానీ చేతికిచ్చేది కాదు.

ఆ మాట ఎలా పాకిందో గానీ తనిఖీ ఆఫీసు దాకా పాకింది. చేత్తో ఎక్కించడం ఇక కుదరదు, మిషన్ నుంచి రిపోర్టులోకి అంకెలు నేరుగా రావాలి, మళ్ళీ వచ్చేసరికి అలా లేకపోతే ల్యాబ్‌కి తాళమే అని వాళ్ళు చెప్పి వెళ్ళారు. ల్యాబ్ లేకపోతే ఆవిడ ఏమైపోతుందో ఇంట్లో ఎవరి ఊహకూ అందలేదు. సెలవు రోజున కూడా ఏదో వంక పెట్టుకుని వెళ్ళి మిషన్ మీద దుమ్ము తుడిచి వచ్చే మనిషి ఆవిడ.

"ఇంట్లో ఇద్దరు ప్రోగ్రామర్లను పెట్టుకుని బయటివాళ్ళను బతిమాలాలా?" అంది కోడళ్ళను కూర్చోబెట్టి. "పెద్దమ్మాయి మిషన్ వైపు చూసుకుంటుంది, చిన్నమ్మాయి రిపోర్టు వైపు చూసుకుంటుంది. మధ్యలో సంగతి మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి."

ఇద్దరూ తలూపారు. కూర్చోవడం వరకూ ఎవరికీ అభ్యంతరం లేదు.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే రెండు వైపులా ప్రోగ్రాంలో సాకెట్ తెరవాలి. సాకెట్ అంటే ఇంటి తలుపులాంటిది. ఒక ప్రోగ్రాం తన తలుపుకు పోర్ట్ అనే ఒక నంబరు తగిలించుకుని, ఎవరైనా వస్తారేమోనని చెవి ఒగ్గి కూర్చుంటుంది. అది సర్వర్. రెండోది ఆ నంబరు వెతుక్కుంటూ వెళ్ళి తలుపు తడుతుంది. అది క్లయింట్. తలుపు తెరుచుకున్నాక ఒకరు మాట్లాడాలి, ఒకరు వినాలి, తర్వాత వాళ్ళు మాట్లాడాలి, వీళ్ళు వినాలి. ఇంతే విద్య. పుస్తకాల్లో దీన్ని నాలుగు పేజీల్లో నేర్పించేస్తారు, ఎందుకంటే ఆ పుస్తకాలు రాసేవాళ్ళకు తోడికోడళ్ళు ఉండరు.

మిషన్ వైపు సర్వర్, రిపోర్టు వైపు క్లయింట్ అన్నంతవరకూ గొడవ లేకుండా తేలింది. మిగతాదంతా రాయబారి మోశాడు.

"పోర్ట్ నంబరు ఎంత పెడతారో అడగండి."

"వదినా, పోర్ట్ ఎంత?"

"ఐదు వేలని చెప్పు."

"ఐదు వేలట. కాస్త తగ్గించమని అడగనా?" అన్నాడు రాయబారి, పెళ్ళాం వైపు తిరిగి. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

అంకెలు ఏ వరసలో రావాలి, మధ్యలో కామా పెట్టాలా గీత పెట్టాలా, లైను చివర ఏముండాలి, అన్నీ గదికీ గదికీ మోసి తేల్చాడు. తేలనిది ఒక్కటే. తలుపు తెరుచుకున్నాక ముందు ఎవరు నోరు విప్పాలన్నది ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అడగాలని కూడా తోచలేదు, ఎందుకంటే ఇద్దరికీ జవాబు ముందే తెలుసు.

చిన్నకోడలికి తెలిసిన జవాబు ఇది. వెళ్ళి తలుపు తట్టేది నేను. అంత దూరం నేను నడిచి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్నావిడ కనీసం "వచ్చావా" అనాలి. ఆ మాట అన్నాకే నాకేం కావాలో చెబుతాను. కాబట్టి ఆమె ప్రోగ్రాం కనెక్ట్ అయ్యాక, అవతలి నుంచి పలకరింపు వచ్చేదాకా కిమ్మనకుండా ఆగుతుంది. పలకరింపు విని, దాన్ని పక్కన పారేసి, అప్పుడు ఫలానా మనిషి అంకెలు పంపమని అడుగుతుంది. ఆగమని చెప్పే ఆ ఒక్క లైను రాసుకుని ఆమె చాలా తృప్తిపడింది. అందులో పొగరుందని ఆమెకు తెలుసు. ఉండాలనే రాసింది.

రాసినదాన్ని పరీక్షించుకోవాలి కదా. తోడికోడలి ప్రోగ్రాంతో కలిపి చూడాలంటే తోడికోడలితో మాట్లాడాలి. అంతకంటే కొత్త తోడికోడలిని తయారుచేసుకోవడమే సులువనిపించింది. చిన్నకోడలు ఒక ఉత్తుత్తి సర్వర్ రాసుకుంది. కనెక్ట్ అవ్వగానే అది "రా చెల్లీ, బాగున్నావా" అనేది. అడిగిన అంకెలు అడిగినట్టు ఇచ్చేది. ఎవరి కోడ్ జోలికీ పోయేది కాదు. ఇంత మంచి తోడికోడలితో ఎన్నిసార్లు పరీక్షించినా ఒక్క తప్పు కూడా రాలేదు.

"నాది అయిపోయిందని చెప్పండి," అంది మొగుడితో.

"తనదీ అయిపోయిందట," అని కబురొచ్చింది. పక్కగదిలో పెద్దకోడలు కూడా ఒక ఉత్తుత్తి చెల్లెలిని తయారుచేసుకుని ఉంటుందని, ఆ చెల్లెలు వచ్చీ రాగానే వినయంగా తనకు కావలసింది అడుగుతుందని చిన్నకోడలికి తట్టలేదు.

తనిఖీ రోజు పొద్దున అత్తగారు ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుని రెండు గదుల మధ్య నిలబడింది. లోపల పెద్దకోడలు, బయట చిన్నకోడలు, గుమ్మంలో బడికి సెలవు పెట్టిన రాయబారి. రెండు ప్రోగ్రాంలనూ మొదటిసారి కలిపారు. రెండు తెరల మీదా "కనెక్ట్ అయింది" అని పచ్చగా వెలిగింది. అత్తగారు హమ్మయ్య అంది.

ఆ తర్వాత ఏమీ జరగలేదు.

ఎర్రర్ వస్తే ప్రోగ్రామర్‌కి ఒక ధైర్యం, తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఇక్కడ ఎర్రర్ లేదు, లైను తెగలేదు, పచ్చరంగు అలాగే వెలుగుతోంది. రెండు ప్రోగ్రాంలూ ఏ రోగమూ లేకుండా ఎదురెదురుగా కూర్చుని ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి.

"ఏమైంది?" అంది అత్తగారు.

"నా వైపు అంతా బాగానే ఉందత్తయ్యా. అవతలి నుంచి రావాలి," అంది చిన్నకోడలు.

అత్తగారు లోపలికి తొంగిచూసింది. "పెద్దమ్మాయ్?"

"నేనూ అందుకే చూస్తున్నానత్తయ్యా. తను అడిగితే పంపుతాను."

"అడగమంటోంది," అన్నాడు రాయబారి.

"ముందు పలకరించమనండి."

"పలకరించమంటోంది వదినా."

"అదేం చోద్యం! ఎందుకొచ్చిందో వచ్చినావిడ చెప్పుకోవాలి గానీ నేనెందుకు పలకరించడం?"

వాళ్ళు మాట్లాడేది ప్రోగ్రాంల గురించో మనుషుల గురించో రాయబారికి అంతుపట్టలేదు. అత్తగారికి అర్థమైంది. ఆవిడ అరుస్తుందని అందరూ అనుకున్నారు. అరవలేదు. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"అయితే మూసేసినట్టేనా?" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు. కాసేపటికి లేచి, ఇన్‌స్పెక్టర్ వచ్చే వేళయిందని వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

చిన్నకోడలు తన తెరవైపు తిరిగింది. అత్తగారు తిట్టినా బాగుండేది, తిట్లకైతే జవాబు చెప్పొచ్చు. తెర మీద ఆ లైను కనిపిస్తోంది. పలకరింపు కోసం ఆగకుండా, కనెక్ట్ అవ్వగానే తనే అడిగేస్తే సరిపోతుంది. ఒక్క లైను చెరపాలి. మొత్తం ప్రోగ్రాం రాయడానికి పడనంత కష్టం ఆ లైను చెరపడానికి పడింది. ఎలాగో చెరిపింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే తగ్గినట్టు తెలిసిపోదూ! తగ్గడమూ దొంగచాటుగానే తగ్గింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఊళ్ళో ల్యాబ్‌లన్నీ ఆయనంటే వణుకుతాయి, ఆయన సూదంటే వణుకుతాడు. "నాదే తీయండి, నా లెక్కలు నాకు తెలుసు," అని కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు. అత్తగారు రక్తం తీసి లోపలికి పంపింది. రెండు ప్రోగ్రాంలనూ ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. పచ్చగా వెలిగింది. చిన్నకోడలు మీట నొక్కింది.

నొక్కీ నొక్కగానే ప్రింటర్ కదిలింది. లోపల మిషన్ ఇంకా గరగరలాడుతూనే ఉంది, రక్తం పీల్చుకోవడమైనా పూర్తికాలేదు, ఇక్కడ రిపోర్టు బయటికి వచ్చేసింది.

"అబ్బ, ఏం స్పీడండీ!" అన్నాడు ఇన్‌స్పెక్టర్, కళ్ళు తెరిచి. రిపోర్టు అందుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. "పేరు సరిగ్గానే ఉంది. వయసు సరే. హిమోగ్లోబిన్..." అక్కడ ఆగి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "హిమోగ్లోబిన్: వచ్చావా చెల్లీ? తప్పు నాదే, నిన్ను అడగకుండా నీ పనిలో వేలు పెట్టాను. ఇక నీకేం కావాలో అడుగు."

ఇన్‌స్పెక్టర్ కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"ఇది ఉండాల్సినదాని కంటే ఎక్కువా తక్కువా అండీ?" అన్నాడు చివరికి. రక్తం తనది కదా, భయం ఉంటుంది.

చిన్నకోడలికి క్షణంలో అంతా తెలిసిపోయింది. తను పలకరింపు కోసం ఆగడం మానేసిన సమయానికే అవతల పెద్దకోడలు పలకరించడం మొదలుపెట్టింది. ఇద్దరూ తగ్గారు, ఒకరికి తెలియకుండా ఒకరు. అటు నుంచి వచ్చిన మొదటి మాటను తన ప్రోగ్రాం అంకెలే అనుకుని అచ్చువేసింది. వచ్చింది అంకె అవునో కాదో చూసుకోవాలన్న ఆలోచన తనకు ఎప్పుడూ రాలేదు, ఉత్తుత్తి తోడికోడలు ఏనాడూ పొరపాటు మాట పంపలేదు మరి. అసలు అంకెలు ఇంకాసేపటికి వచ్చి సాకెట్‌లో కూర్చుంటాయి, తర్వాత ఎవరు అడిగితే వాళ్ళకోసం. అప్పుడు ఇంకొకరి రక్తం పరీక్షిస్తే వాళ్ళ పేరు కింద ఈయన అంకెలు వస్తాయి. ఆ తర్వాతివాళ్ళ పేరు కింద వీళ్ళవి. ఎవరి జబ్బు ఎవరికి అంటగట్టేదో తలుచుకునేసరికి ఆమెకు చెమటలు పట్టాయి.

అత్తగారు రిపోర్టు తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది. ఆవిడకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఈ గోడ మిషన్‌కి దుమ్ము పట్టకుండా కట్టించాను. మీకోసం కాదు," అంది చిన్నకోడలితో. "ఇక నావల్ల కాదమ్మా. లోపలికెళ్ళి మాట్లాడతావా, తాళంచెవి ఈయన చేతిలో పెట్టేయమంటావా?"

రాయబారి అలవాటుగా లోపలికి కదలబోయాడు.

"నువ్వు కూర్చో," అంది తల్లి.

"ఈలోగా నేను ఫ్రిజ్ చూస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మర్యాదగా. ఫ్రిజ్ లోపలి గది గుమ్మం పక్కనే ఉంది. దాని తలుపు తీసి, తల లోపల పెట్టి, చెవులు మాత్రం బయట ఉంచాడు.

చిన్నకోడలు లోపలికి వెళ్ళింది. పెద్దకోడలు తెరవైపే చూస్తూ కూర్చుని ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. గోడ అడ్డమున్నా ఇన్‌స్పెక్టర్ చదివింది ప్రతి అక్షరం విన్నదని తెలిసిపోతోంది.

"ఎవరూ చదవరు కదా అని రాశాను," అంది తల తిప్పకుండా. "నీ ప్రోగ్రాం విని పారేస్తుందనుకున్నా."

"పారేసేదే. ఆ లైను తీసేశాను."

"ఎందుకు?"

"నువ్వు ఎప్పటికీ పలకరించవనుకుని."

"నువ్వు ఎప్పటికీ అడగవనుకునే నేనూ రాశాను."

ఇంతకాలం ఎవరి మాట ఎవరు ముందు వినాలన్న పంతం. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి వంగడంతో పని మళ్ళీ మొదటికొచ్చింది. ఎవరో ఒకరు వెనక్కి మార్చుకోవాలి.

"నాది తీసేస్తాలే," అంది పెద్దకోడలు. "సులువు. నువ్వు ముందు అడుగు, నేను పంపుతా."

చెయ్యి కీబోర్డు మీద పెట్టింది గానీ వేలు కదల్లేదు. చిన్నకోడలు తెర మీదికి వంగింది. ఆ పలకరింపుకు పైన, రాసి పనిచేయకుండా పక్కన పెట్టిన లైన్లు బోలెడు ఉన్నాయి. "హలో." "రా." "వచ్చావా." "చెల్లీ, పొరపాటైంది." "చెల్లీ, నేనేమీ చెడ్డ ఉద్దేశంతో..." అది సగంలోనే ఆగింది. ఎవరి కోడ్‌లోనైనా ఒక్క పనికిరాని లైను కనిపిస్తే ప్రాణం ఒప్పని మనిషి, తన కోడ్‌ని ఇంత చిందరవందరగా వదిలేసింది. పొద్దున ఉన్న ఆ కాస్త వ్యవధిలో, అత్తగారు వీధి గుమ్మంలో నిలబడి ఉండగా, ఇన్ని రాసి ఇన్ని వద్దనుకుని చివరికి ఒకటి ఉంచింది.

చిన్నకోడలు ఆ చేతిని కీబోర్డు మీద నుంచి పక్కకు జరిపింది. "వద్దక్కా," అంది. "అది ఉండనీ. నేనే వెనక్కి మార్చుకుంటా."

పెద్దకోడలు ఇప్పుడు తల తిప్పి చూసింది. "అప్పుడు నీది మళ్ళీ పాతలాగే అయిపోతుంది కదా. నేను పలకరించేదాకా నోరు విప్పదు."

"విప్పదు. ఏం చేస్తాం. నీ మాట వినందే దానికి పని మొదలవదు."

బయటికి వచ్చి, చెరిపేసిన లైను మళ్ళీ రాసింది. అక్షరం కూడా మారలేదు. మొదట రాసిన రోజున అది, నువ్వు తగ్గితే గానీ నేను మాట్లాడనని చెప్పడానికి రాసిన లైను. ఇప్పుడు, ఆవిడ అంత అవస్థపడి అన్న మాట వినిపించుకోకుండా దాటిపోవడం ఇష్టం లేక రాసింది. పనిలో పనిగా వచ్చింది అంకె కాకపోతే అచ్చు వేయవద్దని కూడా రాసింది. రాస్తూ ఒకసారి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. అది జలుబేనని రాయబారితో అంది.

ప్రోగ్రాంలను మళ్ళీ మొదలుపెట్టారు. పచ్చగా వెలిగింది. మిషన్ తీరిగ్గా గరగరలాడి ఆగింది. అప్పుడు ప్రింటర్ కదిలింది. ఇన్‌స్పెక్టర్ తన అంకెలు చూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు, సంతకం పెట్టడానికి కలం తీశాడు.

"ఆగండి," అంది అత్తగారు. "ఒకటి సరిగ్గా వస్తే సరిపోదు. రెండోది చూడాలి." తనే కోటు చెయ్యి పైకి మడిచి, కుర్చీలో కూర్చుని, తన రక్తం తనే తీసుకుంది. చుక్క జరిగిన రోజు ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

చిన్నకోడలు అత్తగారి పేరు కొట్టి మీట నొక్కింది. గది అంతా ఎదురుచూసింది. రిపోర్టు వచ్చింది. అది అత్తగారిదేనా, ముందాయనదా అన్నది మిషన్ తెర చూస్తే గానీ తేలదు. రాయబారి గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. అతను రెండో అడుగు వేసేలోగా లోపలి నుంచి గొంతు వినిపించింది.

"వచ్చిందా చెల్లీ?"

"వచ్చిందక్కా. నీ తెర మీద ఎంతుంది?"

"పదకొండు పాయింట్ నాలుగు."

"ఇక్కడా పదకొండు పాయింట్ నాలుగే!"

ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టేశాడు. అత్తగారు దాన్ని చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చేతి మీద దూది అదుముకుంటూ కళ్ళు మూసుకుంది.

"ఏదీ, ఇంకోసారి చెప్పండి," అంది.

"పదకొండు పాయింట్ నాలుగు," అంది లోపలి నుంచి పెద్దకోడలు.

"పదకొండు పాయింట్ నాలుగు," అంది బయటి నుంచి చిన్నకోడలు.

"మళ్ళీ," అంది అత్తగారు.